పాతబడిన చుట్ట

లోకమున కొన్ని వస్తువులు క్రొత్తవిగా నున్నప్పుడే మేలు. కొన్ని పాతబడిన కొలది మేలు. వెన్న మొదటి తెగలోనిది. బియ్యము రెండవ తెగలోనిది. క్రొత్తబియ్యపు టన్నము ముద్దకట్టునని, పాతబియ్యమునకు వెల హెచ్చని మన యిండ్లలో నెఱుగనివారు లేరు. పాత నేయి, పాత బెల్లము మందునకు మంచివని వైద్యులు చెప్పుదురు. పొగచుట్టయు నీ రెండవ తెగలోనిదే యని చెప్పినచో చదువరులలో కొందఱు నవ్వవచ్చును; కొందఱు ముఖము చిట్లింపవచ్చును. పిల్లలకు పాఠములు చెప్పి జీవించు మేము చుట్టలను గూర్చి వ్రాయుట యేమని యడుగువారికి మా సమాధాన మిది: ఏ వస్తువును నిందింపవలసి యున్నను ముందు దాని గుణమును సరిగా దెలిసికొనవలయును. తెలియక నిందించినవాని మాట పొగత్రాగువాడు వినడు.

గడచిన సంక్రాంతి సెలవులలో, మాయొద్ద చదువుకొని యిప్పుడు విదేశమున నుద్యోగము చేయుచున్న యువకు డొకడు మమ్ము జూడవచ్చెను. అతని చేత నున్నగా మెఱుగుపెట్టిన కొయ్యపెట్టె యొకటి యుండెను. మేము పుస్తకము లనుకొంటిమి. మూత తీయగా లోపల 25 చుట్టలు, ఒక్కొక్కటి బంగారువన్నె కాగితపు పట్టీతో, వరుసగా పరుండియుండెను. మూత లోపలివైపున తేమను గొలుచు చిన్న యంత్రము బిగింపబడి యుండెను. దాని ముల్లు 68 యొద్ద నిలిచియుండెను. గురజాడవారి కన్యాశుల్కములో గురువువలన శిష్యున కబ్బిన విద్య చుట్టకాల్చుట యొక్కటియే. మా విషయమున శిష్యుడే గురువునకు చుట్టలు తెచ్చెను గదా యని మేము నవ్వితిమి.

“కాల్చడానికి తేలేదు మాస్టారూ. మీ ఇంట్లో అయిదేళ్లు ఉంచండి చాలు. పాతబడిన కొద్దీ వీటి విలువ పెరుగుతుంది” అని యతడు వినయముగా బలికెను. తల్లి కంటబడకుండ దాచుటకు మా యిల్లు క్షేమమని యతడు తలచినట్లు మాకు తరువాత దెలిసెను. అప్పటికి మాత్రము పాతబడిన కొలది విలువ పెరుగునన్న యా మాట చెవిని బడగానే, చిన్ననాడు మా నాయనమ్మ యన్న మాట యొకటి జ్ఞప్తికి వచ్చి మేమేమియు బలుకలేక పోయితిమి. ఆ మాటను దాని చోటున జెప్పెదము.

ముందు పొగాకు సంగతి. ఇది మన దేశపు మొక్క గాదు. అమెరికా ఖండమున బుట్టి, 1492 తరువాత నైరోపా నావికులవలన లోకమంతట వ్యాపించినది. చరకసంహితలో ధూమపానము విధింపబడలేదా యని మా సంస్కృత సహాధ్యాయి యొకడు వాదించుచుండెడివాడు. విధింపబడిన మాట నిజమే. కాని యది యోషధులను నూరి రెల్లుపుడకకు బట్టించి, యెండిన పిదప పుడకను దీసివేసి కాల్చు వర్తి. అందు పొగాకు లేదు. ఉండుటకు వీలును లేదు. శాస్త్రమును అడ్డము పెట్టి దురభ్యాసమును గాపాడుకొనుట మనవారికి క్రొత్త గాదు.

తెలుగునాట చుట్టకు బేరుపొందినది గోదావరి లంకల పొగాకు. వరద తీసిన తరువాత లంకలమీద మిగులు క్రొత్త యొండ్రులో నీ పైరు వేయుదురు. దీని కీర్తి సముద్రములు దాటినది. 1890లో వెలువడిన కోనన్ డోయిల్ నవల ‘ది సైన్ ఆఫ్ ఫోర్’లో బూడిదను జూచి చుట్టజాతిని జెప్పగల షెర్లాక్ హోమ్సు ‘లంకా’ యను చుట్ట నొకదానిని పేర్కొనును. ఆంగ్లపాఠకులకది యర్థము దెలియని వింతపేరు. మనకు గోదావరి నడుమ నిలిచిన లంకయే యది.

కోసిన యాకు ఆరి గోధుమవన్నెకు వచ్చినంతమాత్రమున చుట్టకు బనికిరాదు. అట్టి యాకును గాల్చినచో గొంతు మండును. కన్నులు నీరు గ్రమ్మును. అందులోని యమ్మోనియా మొదలగు ఘాటు పదార్థములే దీనికి గారణము. కావున నాకులను పదునుమీద కుప్పవేసి మండె కట్టుదురు. కుప్ప లోపల దనంతట వేడి పుట్టి 50 డిగ్రీల దరిదాపునకు బోవును. నడుమ నడుమ కుప్పను విప్పి, లోపలి యాకును వెలుపలికి, వెలుపలి యాకును లోపలికి మార్చి మఱల గట్టుదురు. ఈ పాకమున నమ్మోనియా వెడలిపోవును, రంగు ముదురును, వాసన కమ్మనగును. పిదప మూటలు గట్టి నెలలు, కొన్నిచోట్ల నేండ్లు, నిలువయుంతురు.

చుట్టినపిదపను పని ముగియదు. చుట్టువాడు ఆకును తడిపి చుట్టును. ఆ తడి సమముగా నారువఱకు చుట్ట లోపల మఱల కొంత పులియుట జరుగును. ఆ దినములలో గాల్చినవానికి చేదును ఘాటును దప్ప మఱేమియు దక్కదు. నెలలు గడచినచో లోని యాకును పై యాకును ఒకదాని తేమ నొకటి పంచుకొని, ఒకదాని వాసన నొకటి పట్టుకొని యేకమగును. ఘాటు తగ్గి పొగ మృదువగును. దట్టమైన ముదురాకుతో జుట్టినవి యేండ్లతరబడి యోర్చుకొనును. పలుచని యాకువి త్వరలో సారము గోలుపోవును. నిలువకును ఒక హద్దు గలదు. అది దాటినచో చుట్ట వాసన లేని పాత కాగితమగును.

ఈ నిలువకు శత్రువులు నాలుగు: తేమ, ఎండు, వేడి, పురుగు. గాలిలో తేమ నూటికి 65 మొదలు 70 వఱకు, వేడి 16 మొదలు 21 డిగ్రీల వఱకు నుండవలయునని తెలిసినవారు చెప్పుదురు. తేమ మించినచో బూజు పట్టును, చుట్ట యుబ్బి పై యాకు పగులును, నిప్పు నిలువదు. తేమ తగ్గినచో వాసననిచ్చు తైలము లెగిరిపోవును. చుట్ట ఎండుగడ్డివలె మండి నాలుకను గాల్చును. అట్టిదానికి మఱల తేమ పట్టించినను చుట్ట మెత్తబడునేగాని పోయిన వాసన తిరిగిరాదు. వేడి 25 డిగ్రీలు దాటినచో పొగాకుపురుగు గ్రుడ్లు పిగిలి పిల్లలగును. నువ్వుగింజంత గోధుమవన్నె పురుగది. చుట్టను పిల్లనగ్రోవివలె తొలిచివేయును. దీనిని జంపుటకు చుట్టలను గొన్ని దినములు మంచుపెట్టెలో గడ్డకట్టించువారు గలరు. మా శిష్యుడు తెచ్చిన పెట్టె స్పానిషు దేవదారు కొయ్యతో జేసినది. పేరు దేవదారేగాని యది దేవదారు గాదు; మన వేప కుటుంబమునకు జేరిన చెట్టు. అమరకోశమున తున్నమనియు నందివృక్షమనియు జెప్పబడిన చెట్టునకు దగ్గఱి బంధువు.

ఇదియంతయు మేము పుస్తకములలో జదువుటకు బూర్వమే మా యింటి జాడీ యొకటి మాకు నేర్పినది.

మాది శ్రీకాకుళము జిల్లాలో నాగావళి యొడ్డున నొక పల్లె. మా తాతగారు సేద్యము చేసికొని బ్రతికినవారు. సంవత్సరమున కొకసారి రాజమహేంద్రవరమువైపునుండి లంక పొగాకు దెప్పించి, చుట్టలు చుట్టువానిని ఇంటికే పిలిపించి, వారము దినములు అరుగుమీద గూర్చుండబెట్టి చుట్టించెడివారు. వానిని నిలువయుంచుటకు నడుమెత్తు జాడీ యొకటి యుండెడిది. అడుగున నెండిన వేపాకు, దానిపై కాగితము, దానిపై చుట్టలు, మూతికి రెండు మడతల గుడ్డ. వానకాలము రాగానే జాడీ వంటింటి యటక యెక్కును. పొయ్యి వెచ్చదనమునకు బూజు పట్టదు. వేసవిలో పడమటి గాలి తిరుగగానే యది దిగివచ్చి నీళ్లకుండల ప్రక్కను జేరును. ఆ చల్లదనమునకు చుట్ట యెండిపోదు. పక్షమున కొకసారి మూత తీసి, ఒక చుట్టను చెవియొద్ద బెట్టుకొని రెండు వ్రేళ్లతో మెల్లగా నొక్కిచూచుట వాడుక. కరకరలాడినచో తేమ చాలదు. నొక్కిన గుంట నిలిచిపోయినచో తేమ మించినది. మా శిష్యుని పెట్టెలోని యంత్రము చేయు పనిని మా యింట నా రెండు వ్రేళ్లు చేసినవి.

ఆ వ్రేళ్లు తాతగారివి గావు. మా నాయనమ్మవి.

జాడీ నెక్కించుట, దించుట, గుడ్డ యారబెట్టుట, వేపాకు మార్చుట, పురుగు వచ్చిన చుట్టలను ఏరివేయుట, అంతయు నామె పని. ఆమెయు చుట్ట కాల్చెడిది. మా వైపు పల్లెలలో నాడువారు చుట్ట కాల్చుట వింత గాదు. కాని వారిలో ననేకులు నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని కాల్తురు. దీనిని అడ్డపొగ యందురు. గాలికి నిప్పు ఆఱిపోదు. బూడిద పనిమీద రాలదు. ఒక్క చుట్ట చాలసేపు వచ్చును. పొలమున వంగి పనిచేయుదానికి, చేత డబ్బు లేనిదానికి, నలుగురి యెదుట నిప్పు కనబడుట కిష్టపడనిదానికి ఇది యెంతయు ననుకూలము. ఆ నిప్పు అంగిలికి వ్రేలెడు దూరమున మండుచుండునను మాటను మాత్ర మెవరును లెక్కింపలేదు.

రెండు మూడేండ్లు నిలిచి పాకమునకు వచ్చిన చుట్టలు తాతగారికిని, ఇంటికి వచ్చు పెద్దమనుష్యులకును. పురుగుతిన్నవి, పై యాకు పగిలినవి, ఇంకను పచ్చిఘాటు వీడనివి నాయనమ్మకు. ఆమె తన చేతితోనే యేరి, మంచివానిని జాడీలో నుంచి, చెడ్డవానిని కొంగున ముడివేసికొనుచుండెను. అట్లు చేయుమని యామె కెవరును జెప్పలేదు. చెప్పవలసిన యవసరమే మా యింట నెన్నడును గలుగలేదు.

ఒకనాడు మేము “నువ్వు మంచిది కాల్చవేం నాయనమ్మా?” యని యడిగితిమి. ఆమె నవ్వెను. “ఏటో నాయినా, పాతబడితే మనిసికి ఇలవ తగ్గుద్ది, సుట్టకి పెరుగుద్ది. పెరిగినదాన్ని నాకెందుకు?” అనెను. అప్పటికి మేమును నవ్వితిమి.

1990లో తాతగారు గతించిరి. జాడీలో నలువదికి పైగా చుట్టలు మిగిలెను. కాల్చువారు లేకపోయినను నాయనమ్మ వానకాలమున జాడీ నెక్కించుట, వేసవిని దించుట మానలేదు. 1997 వేసవిలో బి.ఏ. చదువుచున్న మేము సెలవులకు పల్లెకు బోగా, ఆమె జాడీ మూత తీసి యొక చుట్ట మా చేతికిచ్చి, “మీ తాత సుట్ట. ఏడేళ్లయింది. నువ్వైనా కాల్సి సూడు” అనెను. అప్పటికి పట్టణపు చదువున మాకీ యభ్యాసము కొంత యబ్బియే యుండెను. కాల్చితిమి. నిజము దాచుట యెందుకు? అది మిక్కిలి బాగుండెను. గొంతున గొంచెమైనను మంట లేదు. వేయించిన గింజల కమ్మదనము, వెనుక బెల్లపు ఛాయ. ఇంత మెత్తని వస్తువు మనిషి కేమి కీడు చేయగలదని తలచినట్లు మాకు బాగుగా జ్ఞాపకము.

ఆనాటి మధ్యాహ్నమే నాయనమ్మ యావకాయను ప్రక్కకు నెట్టి పెరుగన్నము మాత్రమే తినెను. ఏమని యడుగగా నోరు మండుచున్న దనెను. వార్ధక్య మనుకొంటిమి. చిన్ననాడు ఆమె యొడిలో తల యుంచి కథలు వినునప్పుడు ఆమె యంగిలి తెల్లబారి యుండుటయు, ఆ తెలుపులో నెఱ్ఱని చుక్క లుండుటయు మేము చూచుచునే యుంటిమి. అడ్డపొగ త్రాగు ముసలమ్మలు పెక్కుమంది యంగిళ్లట్లే యుండుటచే నదియు తల నెఱయుటవంటిదే యని తలచితిమి. ఆఱు నెలలకు పుండు పైకి దెలిసినది. విశాఖపట్టణమున వైద్యుడు దీపము వేసి ఒక్క నిమిషము చూచెను. ఈ తెలుపు ఎన్నాళ్లనుండి యున్నదని యాయన యడిగినప్పుడు, మా యింటివారిలో నెవరికిని ఆమెకంటె ముందు నోరు పెగలలేదు. “పెళ్లయిన కాణ్ణుంచీ” అని యామెయే చెప్పెను. అది క్యాన్సరు, అప్పటికే ముదిరినది. 1998 వేసవి రాకముందే యామె వెడలిపోయెను.

తరువాత మేము చదివి తెలిసికొన్న సంగతి యొకటి గలదు. శ్రీకాకుళము జిల్లా పల్లెలలో 10,169 మంది నోళ్లను బరీక్షించి, అడ్డపొగకును అంగిలి వ్యాధులకును గల సంబంధమును శాస్త్రజ్ఞులు వివరించిన వ్యాసము 1971లోనే యచ్చయినది. మా జిల్లా సంగతి. మేము పుట్టకపూర్వము లోకమునకు దెలిసిన సంగతి. చదువుకొన్న వారున్న మా యింటికి మాత్రము అది చేరలేదు.

ఇక పాతబడుట చుట్టకు జేయు మేలేమి? ఘాటును దీసివేయును. కీడును దీసివేయదు. ఎంత పాత చుట్టను గాల్చినను పొగలో కీలు పుట్టును, బొగ్గుపులుసువిషవాయువు పుట్టును, నికోటిను మిగిలియే యుండును. చుట్టపొగకు క్షారగుణము గలదు గనుక దానిని లోనికి బీల్చకపోయినను నికోటిను నోటిపొర గుండనే రక్తమున జేరును. ఇంకొక చిత్రము. ఆకు ఆరునప్పుడు, మండెలో పులియునప్పుడు, ఆ కమ్మదనముతోపాటే నైట్రోసమైనులను విషములును బుట్టును. వానిలో కొన్ని మనుష్యులకు క్యాన్సరు గలిగించునని తేలినది. గొంతుమంట మన శరీరము మనకు చేయు హెచ్చరిక. నిలువ యా హెచ్చరికను మాత్రము చెరిపివేసి, హెచ్చరింపవలసిన వస్తువును అట్లే యుంచును. పాతదైనంతమాత్రమున నంతయు మంచిదిగాదని కాళిదాసు నాటకప్రస్తావనలో బలికినది కావ్యములను గూర్చియే కాని, ఈ జాడీకిని చక్కగా సరిపోవును.

ఆడుదానికి మంచి చుట్టలు దక్కలేదని మేము వగచుటలేదు. నాయనమ్మ జాడీలోని మేలైన చుట్టలనే కాల్చియున్నను, ఆ నిప్పు ఆ యంగిలి క్రిందనే మండియుండెడిది. మమ్ము నేటికిని బాధించునది వేఱు. మా యిల్లు ఒక వస్తువును జాగ్రత్తగా గాపాడుట యెఱుగని యిల్లు గాదు. తేమ యెంతయో, వేడి యెంతయో, ఏ మూలను బూజు మొదలగునో చెవితో విని, వ్రేలితో నొక్కి తెలిసికొనగల యిల్లు. పక్షమున కొకసారి జాడీ మూత తీసి చూచిన యా యింట, నలువది యేండ్లలో నొక్కసారియైన నామె నోరు తెఱచి చూచినవారు లేరు. చూచియు జూడనివాడను పేరు మాకు దగును. ఒడిలో బరుండి చూచినవారము మేమే గదా.

ఆమె పోయిన యేడు వానలు వెలిసినపిదప జాడీ మూత తీసితిమి. దాని నటక యెక్కించువారు లేకపోయిరి. ఒక్క వానకాలమునకే సగము చుట్టలు బూజుపట్టి, తక్కినవి పురుగుతిని పొడియై యుండెను. మేము పొగ మానినది ఆనాడే. అంతకు ముందు మానలేదని యొప్పుకొనుటకు సిగ్గుపడుచున్నాము.

మా శిష్యునకు ఈ కథ యంతయు జెప్పి పెట్టెను దిరిగి యిచ్చివేసితిమి. అతడు చాలసేపు మాటాడలేదు. పిదప మూత వేసి, “మా అమ్మకు కూడా అడ్డపొగ అలవాటుంది మాస్టారూ” అనెను. ఆమె నోటిని ఎవరైన జూచిరా యని యడిగితిమి. అతడు తల యడ్డముగా నూపెను. చుట్టల నేమి చేసెనో మే మడుగలేదు. నాలుగవనాడు తల్లిని పట్టణమునకు గొనిపోయి దంతవైద్యునికి జూపించితినని కబురు పంపెను. అంగిలి తెల్లబారినదట, పుండు లేదట. ఆమె చుట్ట మానుటకు బ్రయత్నించుచున్నదట.

2003 నాటి చట్టమువలన బడికి నూఱు గజముల లోపల పొగాకు అమ్మరాదు. పదునెనిమిదేండ్లు నిండనివారి కమ్మరాదు. ఆ చట్టము మా బడి గోడవఱకు వచ్చినది. అది మన యిండ్ల యటకలమీదికి రాదు. ముసలివారి నోళ్లలోనికి దొంగిచూడదు. ఆ పని యింటివారిదే. ఇంట చుట్టయో, బీడీయో, నమలు పొగాకో యలవాటైన పెద్దవారున్నచో, ఈ వ్యాసము ముగించినపిదప నొక దీపము చేతబట్టుకొని వారి ప్రక్కను గూర్చుండుడు. సిగ్గుపడుదురు, కోపపడుదురు, ముసలినోటిలో జూచుట కేమున్నదని నవ్వుదురు. అయినను నోరు తెఱువుమని బతిమాలుడు. తెల్లని మచ్చగాని, ఎఱ్ఱని మచ్చగాని, రెండు వారములకు మానని పుండుగాని కనబడినచో మఱునాడే వైద్యునియొద్దకు గొనిపొండు. ముందుగా జూచినచో బాగుచేయుటకు వీలున్న వ్యాధి యిది. ఆలసించిన కొలది వీలు తఱిగిపోవును.